సెక్షన్ మార్చితే నువ్వు వేస్ట్ అయిపోవమ్మా

తల్లీ, నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. తెనాలి దగ్గర పల్లె నుంచి వచ్చి విజయవాడ హాస్టల్లో ఇంటర్ సెకండియర్ ఎంపీసీ చదువుతున్నావు, టెన్త్‌లో స్కూల్ ఫస్ట్, ఇక్కడేమో వీకెండ్ టెస్ట్‌లో 300కి 90 వచ్చాయని కింద సెక్షన్లో వేశారు, పైగా మ్యాథ్స్ సార్ అందరి ముందూ నిలబెట్టి "నీ రూమ్మేటూ అదే అన్నం తింటోందిగా, దానికి 190 ఎలా వచ్చాయి" అన్నారు, అప్పట్నుంచి ఆ అమ్మాయి మొహం చూడబుద్ధి కావట్లేదు, నేను నిజంగా వేస్టేనా మేడమ్ అని అడిగావు.

కాదమ్మా. సార్ మంచికే అని ఉండొచ్చు, అయినా ఆ మాట తప్పే. ఊరికో ఫస్ట్ చొప్పున ఏరుకొచ్చి ఒకే గదిలో కూర్చోబెట్టారు మిమ్మల్ని, నీ బుర్ర అదే, పక్కన కూర్చునేవాళ్ళు మారారంతే. మనిషి తనని తాను పక్కవాళ్ళతో పోల్చుకునే అంచనా వేసుకుంటాడని లియోన్ ఫెస్టింగర్ అనే సైకాలజిస్ట్ 1954లోనే రాశాడు.

ఇప్పుడు ఆ పేపర్ బయటికి తియ్యి. 60 పెడితే 30 రైటు, 30 తప్పు అన్నావు. జేఈఈ మెయిన్ పద్ధతిలో రైటుకి 4, తప్పుకి ఒకటి కోత, అంటే 120లో 30 పోయి 90. ఆ తప్పుల్లో ఊరికే గెస్ కొట్టినవెన్ని, అంతా వచ్చి చివర్లో మైనస్ గుర్తు మర్చిపోయినవెన్ని, అసలు చాప్టరే రానివెన్ని, మూడు రంగుల పెన్నుతో టిక్కులు పెట్టు. తప్పిన గెస్సులు 15 ఉన్నాయనుకో, అవి వదిలేసినా కొత్తగా ఒక్క ముక్క చదవకుండానే 105 వస్తాయి. ర్యాంకుల లిస్టులో ఇదెక్కడ కనపడుతుంది చెప్పు? ఆ పేపరే పట్టుకుని స్టడీ అవర్లో సార్ దగ్గరికెళ్ళి ఎక్కడ పోతోందో చూపించమను, క్లాసులో అరిచే సార్లే విడిగా వెళ్తే ఓపిగ్గా చెప్తారని నా దగ్గరికొచ్చే పిల్లలే అంటుంటారు.

ఇక రూమ్మేట్. పోలిక తెచ్చింది సారు, ఆ పిల్ల కాదుగా. రాత్రి మెస్‌లో మీ అమ్మ పెట్టిన పచ్చడి డబ్బా మూత తీసి ముందు తన కంచంలో వెయ్యి, తర్వాత మాటలు అవే వస్తాయి. నాన్నకి వాట్సాప్‌లో మార్కులు వెళ్ళేలోపే వార్డెన్ ఫోన్లోంచి నువ్వే చెప్పెయ్యి, రంగుల టిక్కుల సంగతి కూడా చెప్పు.

రెండు వారాలుగా నిద్ర పట్టట్లేదన్నావు చూడు, నాకు అదే ఎక్కువ బెంగగా ఉంది. మనసు బాగోలేనప్పుడు మాట్లాడే ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చెయ్యి, ఫ్రీ, ఏ టైమైనా తెలుగులో మాట్లాడతారు. బతకాలని లేదన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా పక్కనున్నవాళ్ళని లేపు, అమ్మకి చెప్పి ఇంటికొచ్చెయ్యి, తెల్లారితే టెస్టున్నా సరే.