తొమ్మిది వేలన్నాడు, పద్నాలుగు వేల ఆరు వందలు అడుగుతున్నాడు

ప్రశ్న: లండన్‌లో ఉద్యోగం చేస్తున్నప్పుడు 2016లో అక్కడ ఒక స్టూడియో ఫ్లాటు కొనుక్కున్నాను. ఒకటే గది, మూల కిచెన్, చిన్న బాత్రూమ్. 2021 వరకు అందులోనే ఉన్నాను. తర్వాత హైదరాబాద్ వచ్చేసి దాన్ని అద్దెకిచ్చాను. నిరుడు అద్దెకున్నవాళ్లు ఖాళీ చేశాక బాత్రూమ్, కిచెన్ కొత్తగా చేయిద్దామనుకున్నాను. అక్కడి తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులో ఒక బిల్డర్ పరిచయమయ్యాడు. మా జిల్లావాడే. వీడియో కాల్‌లో ఫ్లాటంతా చూసి 9,000 పౌండ్లు అవుతుందన్నాడు. రెండు విడతలుగా 6,000 పంపాను. అదే సమయంలో మా నాన్నగారు కాలం చేయడంతో పని పట్టించుకోలేకపోయాను. ఇప్పుడు 14,600కు బిల్లు పంపి, మిగతా 8,600 ఇస్తేనే తాళాలు ఇస్తానంటున్నాడు. బాత్రూమ్ సగంలో ఉంది. మనవాడని నమ్మితే ఇలా చేశాడు. ఇతని మీద హైదరాబాద్‌లోనే చీటింగ్ కేసు పెట్టొచ్చా? మిగిలిన పనిని తన స్నేహితుడు లండన్‌లో వేరే మనిషికి క్యాష్ ఇచ్చి చేయిస్తాడని, ఆ డబ్బు విజయవాడలో ఆ స్నేహితుడి తల్లిదండ్రులకు రూపాయల్లో ఇచ్చేస్తే సరిపోతుందని మా బావమరిది అంటున్నాడు. ఏం చేయమంటారు?
- పేరు వద్దన్న పాఠకుడు, హైదరాబాద్

జవాబు: మీరు నాలుగు పేజీలు రాశారు. పైన వేసింది అందులో సారం మాత్రమే. మీ కేసును తేల్చేది ఆ నాలుగు పేజీల్లో లేదు, జతచేసిన మొదటి స్క్రీన్‌షాట్‌లో ఉంది. బిల్డర్ పంపిన మెసేజ్ ఇది: "టోటల్ అరౌండ్ 9కె అవుద్దన్నా, కొంచెం అటూ ఇటూ." తొమ్మిది వేలన్నాడని మీరు రాశారు. అతను అనలేదు. తొమ్మిది వేల చుట్టుపక్కల అన్నాడు.

ఆ "అరౌండ్" అనే ఒక్క మాట దగ్గరే ఉంది మీ కేసంతా. ఇంగ్లండ్‌లో ఎస్టిమేట్ వేరు, కొటేషన్ వేరు. కొటేషన్ అంటే ఈ పనికి ఈ ధర అని కట్టుబడటం. దాన్ని ఒప్పుకున్నాక, పని మారితే తప్ప ధర పెంచడానికి వీల్లేదు. ఎస్టిమేట్ అంటే ఉజ్జాయింపు లెక్క, దానికి ఎవరూ కట్టుబడి ఉండరు. "అటూ ఇటూ" అని కూడా రాసి పెట్టిన మనిషిని కొటేషన్ ఇచ్చావని పట్టుకోలేం. అది ఎస్టిమేటే.

అలాగని నోటికొచ్చినంత అడగడానికీ లేదు. ధర ముందే తేలకపోతే చట్టం "న్యాయమైన ధర" ఇప్పిస్తుంది. మీరు వినియోగదారు అయితే 2015 కన్స్యూమర్ రైట్స్ యాక్ట్ సెక్షన్ 51 ఆ మాట చెబుతుంది. ఆ ఫ్లాటు అద్దె కోసం ఉంచారు కాబట్టి మీరు వినియోగదారు కారు, వ్యాపారం చేస్తున్నారని అతని లాయర్ వాదించవచ్చు. ఆ వాదన నెగ్గినా కంగారు లేదు. 1982 నాటి సప్లై ఆఫ్ గూడ్స్ అండ్ సర్వీసెస్ యాక్ట్ సెక్షన్ 15లోనూ అదే మాట ఉంది. ఏది న్యాయమైన ధర అని కోర్టు చూసేటప్పుడు మొదట ఇచ్చిన ఎస్టిమేట్ కూడా ఒక సాక్ష్యమే. 9 అని చెప్పి 14.6 అడిగేవాడు మధ్యలో ఏం జరిగిందో అంశం అంశంగా చూపించాలి.

కాబట్టి బిల్లు విప్పి చూద్దాం. మీరు మొత్తం చూసి గుండె పట్టుకున్నారే గానీ లోపలి లైన్లు చదివినట్టు లేరు. 9,000 పాత పని. 1,400 గదిలో కార్పెట్ తీసేసి లామినేట్ ఫ్లోరింగ్ వేసినందుకు. 2,080 వ్యాట్. 2,120 "గోడలో పాత పైపుల మార్పిడి".

ముందు ఆ 1,400. ఉత్తరంలో ఎక్కడా రాయలేదు గానీ, రెండో స్క్రీన్‌షాట్‌లో రాత్రి 11.40కి అతను ఫ్లోరింగ్ ఫోటో పెట్టి "ఇది వేసేద్దామా అన్నా, 1400 ఎక్స్‌ట్రా" అని అడిగాడు. మీరు బొటనవేలు బొమ్మ పెట్టారు. నిద్రమత్తులో పెట్టారో, దుఃఖంలో పెట్టారో కోర్టుకు అనవసరం. పని పెంచమన్నారు, ధర ఒప్పుకున్నారు. ఇది మీరు ఇవ్వాల్సిందే. ఇంకో చిక్కు కూడా ఉంది. లండన్ ఫ్లాట్లు ఎక్కువగా లీజ్‌హోల్డ్, అంటే ఫ్లాటు దీర్ఘకాలిక లీజు మీద మనది, బిల్డింగు వేరేవారిది. కింది ఇంటికి చప్పుడు వెళ్లకుండా నేలంతా కార్పెట్ ఉండాలన్న షరతు చాలా లీజుల్లో ఉంటుంది. మార్పులు చేయాలంటే ఫ్రీహోల్డర్ (బిల్డింగు అసలు యజమాని) దగ్గర రాతపూర్వక అనుమతి తీసుకోవాలనీ ఉంటుంది. మీ లీజు తీసి చూడండి. అనుమతి లేకుండా చేయించి ఉంటే, 1925 లా ఆఫ్ ప్రాపర్టీ యాక్ట్ సెక్షన్ 146 కింద లీజు షరతు మీరారన్న నోటీసు వచ్చే దాకా ఆగకుండా, బిల్డింగు చూసుకునే మేనేజింగ్ ఏజెంట్‌కు మీరే ముందు రాయండి.

తర్వాత వ్యాట్. 9,000, 1,400 కలిపితే 10,400. దాని మీద 20 శాతం సరిగ్గా 2,080. కానీ మెసేజ్‌లో వ్యాట్ అదనం అని లేదు. ధర చెప్పేటప్పుడు వ్యాట్ మాట ఎత్తకపోతే అది అందులో కలిసే ఉన్నట్టు. పైగా ఈ బిల్లు మీద వ్యాట్ రిజిస్ట్రేషన్ నంబరే లేదు. రిజిస్టర్ కానివాడు వ్యాట్ వసూలు చేయకూడదు. అడిగి నంబర్ తెప్పించుకుని, బ్రిటన్ ప్రభుత్వ వెబ్‌సైట్‌లో సరిచూసుకోండి. ఉచితమే. ఈ 2,080 నిలవదు.

ఇక పైపుల 2,120. గోడ పగలగొట్టాక పైపులు పుచ్చిపోయి కనబడటం పాత బిల్డింగుల్లో మామూలే, అందులో మోసమేమీ లేదు. మార్చేముందు మీకు చెప్పాడా, మీరు సరేనన్నారా అన్నదే ప్రశ్న. దీని దగ్గరికి చివర్లో మళ్లీ వస్తాను.

ఇప్పుడు మీకు నచ్చని లెక్క. పైపులు, వ్యాట్ రెండూ తీసేసినా 10,400 మిగిలింది. అందులోంచి పూర్తికాని బాత్రూమ్‌ను వేరేవాళ్లతో పూర్తి చేయించే ఖర్చు తగ్గించాలి. అది 3,000 అనుకోండి, 7,400 అవుతుంది. మీరు ఇచ్చింది 6,000. అంటే 1,400 మీరే అతనికి బాకీ. చీటింగ్ కేసు పెట్టాలని బయల్దేరారు గానీ, ఈ కాగితాల ప్రకారం మీరు వాది కావడం కన్నా ప్రతివాది కావడానికే అవకాశం ఎక్కువ. బాత్రూమ్ పూర్తి చేయడానికి 4,400 దాటితేనే మీకు అతని దగ్గర్నుంచి రావాల్సింది ఏమైనా ఉంటుంది. అందుకే ఆ ఒక్క అంకె ఎంతన్నది ఇద్దరు ముగ్గురు బిల్డర్ల దగ్గర రాతలో తెప్పించడం అన్నిటికన్నా ముఖ్యం.

హైదరాబాద్‌లో చీటింగ్ కేసు మాట మర్చిపోండి. మోసం నేరం కావాలంటే మొదటి రోజే ముంచే ఉద్దేశం ఉండాలి. రెండు నెలలు పనిచేసి, కిచెన్ బిగించి, నేల వేసి, చివర బిల్లు దగ్గర పేచీ పెట్టినవాడికి ఆ ఉద్దేశం ఉందని ఎలా చూపిస్తారు? స్టేషన్‌లో ఇది సివిల్ తగాదా అని పంపేస్తారు. డబ్బు వసూలుకు క్రిమినల్ కేసును వాడుకోవద్దని సుప్రీంకోర్టు ఎన్నోసార్లు చెప్పింది. ఇక్కడి సివిల్ కోర్టుకూ వీలు కాదు. మనిషి అక్కడ, ఇల్లు అక్కడ, పని అక్కడ.

గడువు సంగతి. 1980 లిమిటేషన్ యాక్ట్ ప్రకారం ఇంగ్లండ్‌లో ఒప్పందం మీద దావాకు ఆరేళ్లు. మన దగ్గర మూడేళ్లకు అలవాటు పడ్డ మనకు అది చాలా ఎక్కువ అనిపిస్తుంది. ఆ ఆరేళ్లు అతనికీ ఉన్నాయి. మీరు మరిచిపోయాక, నాలుగో ఏడు కౌంటీ కోర్టులో దావా వేసి, ఖాళీగా ఉన్న మీ ఫ్లాటు అడ్రసుకే కాగితాలు పంపాడనుకోండి. తలుపు కింద కవరు పడి ఉంటుంది. మీరు హైదరాబాద్‌లో ఉంటారు. జవాబుకు మామూలుగా 14 రోజులే ఇస్తారు. జవాబు రాకపోతే విచారణ లేకుండానే తీర్పు. ఆ తీర్పు పట్టుకుని ఆ ఫ్లాటు మీదే చార్జింగ్ ఆర్డర్ (బాకీకి ఆస్తిని హామీగా కట్టేసే కోర్టు ఉత్తర్వు) తెచ్చుకోవచ్చు. తర్వాత తీర్పు కొట్టేయించుకునే దారి ఉంది గానీ, దానికి వేరే ఖర్చు, వేరే కారణాలు చూపాలి. అందుకని ఈ వారమే, అక్కడి ఆస్తుల రికార్డు ఉంచే హెచ్ఎం ల్యాండ్ రిజిస్ట్రీలో మీ హైదరాబాద్ అడ్రసు, ఈమెయిల్ చేర్పించండి. మూడు అడ్రసుల దాకా ఇవ్వొచ్చు, విదేశీ అడ్రసైనా ఒప్పుకుంటారు. ఆస్తి రికార్డులో కదలిక ఉంటే ఈమెయిల్ పంపే వాళ్ల ప్రాపర్టీ అలర్ట్‌కు కూడా పేరు నమోదు చేసుకోండి, డబ్బు కట్టక్కర్లేదు.

మీ బావమరిది సలహా గురించి. అది సలహా కాదు, హవాలా. అక్కడ పౌండ్లు ఒకరు కట్టడం, దానికి బదులు ఇక్కడ మీరు విజయవాడలో రూపాయలు ఇవ్వడం ఫెమా (విదేశీ మారక) చట్టం సెక్షన్ 3 నిషేధించిన లావాదేవీ. పెద్దవాళ్లకు ఇస్తున్నాం కదా, మనలో మనమే కదా అంటే వినేవాళ్లుండరు. సెక్షన్ 13 కింద ఆ మొత్తానికి మూడింతల దాకా జరిమానా వేయొచ్చు. రెండో నష్టం కూడా చూడండి. క్యాష్ ఇచ్చి పూర్తి చేయిస్తే బిల్లు ఉండదు. బిల్లు లేకపోతే "పూర్తి చేయడానికి ఇంత అయ్యింది" అని పైన చెప్పిన లెక్కలో మీరు చూపించడానికి ఏమీ మిగలదు. రేపు ఫ్లాటు అమ్మితే లాభంలోంచి ఈ ఖర్చు తగ్గించుకోవడానికీ కాగితం ఉండదు.

ఆ అవసరమే మీకు లేదు. విదేశంలో ఉన్నప్పుడు కొన్న ఆస్తిని ఇక్కడికి వచ్చాక కూడా ఉంచుకోవడానికి ఫెమా సెక్షన్ 6(4) అనుమతిస్తుంది. దాని అద్దె మీ లండన్ బ్యాంకు ఖాతాలో ఉంటే అందులోంచే రిపేరు చేయించుకోవచ్చు. చాలకపోతే ఇక్కడి బ్యాంకు ద్వారా ఎల్‌ఆర్‌ఎస్ (విదేశాలకు డబ్బు పంపుకోవడానికి రిజర్వ్ బ్యాంకు ఇచ్చిన వెసులుబాటు) కింద ఏడాదికి 2,50,000 డాలర్ల దాకా పంపొచ్చు.

ఉత్తరం చివర్లో మీరు ఒక మాట పొడిపొడిగా రాశారు, ఇక్కడ ఐటీ రిటర్న్‌లో ఆ ఫ్లాటు చూపించలేదని. ఏమిటండీ ఇది? బిల్డర్ అడుగుతున్న 8,600 కోసం నాలుగు పేజీలు, దీనికి అరలైను. 2021లో వచ్చినవారికి ఆర్‌ఎన్‌ఓఆర్ వెసులుబాటు (విదేశాల నుంచి తిరిగొచ్చినవారికి మొదట్లో కొన్నాళ్లు ఉండే పన్ను సడలింపు) ఇప్పటికి అయిపోయి ఉంటుంది. రిటర్న్‌లో విదేశీ ఆస్తుల కోసం ఉండే షెడ్యూల్ ఎఫ్‌ఏలో ఆస్తి చూపించకపోతే 2015 నల్లధనం చట్టం కింద 10 లక్షల రూపాయల జరిమానా దాకా ఉంది. అక్కడ పన్ను కట్టేశానని ఇక్కడ చూపించడం మానేయకూడదు. ఆ పన్నుకు ఇక్కడ క్రెడిట్ అడగొచ్చు. బిల్డర్ కన్నా ముందు మీ చార్టర్డ్ అకౌంటెంట్‌ను కలవండి.

ఇక బిల్డర్‌తో. కాల్స్ ఆపేయండి. మీ మధ్య ఇకపై ప్రతి మాటా రాతలోనే. డబ్బు రాలేదని ఇల్లు పట్టుకునే హక్కు అతనికి లేదు. తాళాలు 7 రోజుల్లో ఇవ్వమని రాయండి, ఇవ్వకపోతే తాళం మార్పించండి. అతని పనిముట్లేమైనా లోపలుంటే ఫోటో తీసి తీసుకెళ్లమని కబురు పెట్టండి, పారేయకండి. కొత్తవాళ్లు ఒక్క టైలు తీయకముందే ఫ్లాటంతా వీడియో తీయించండి. బాత్రూమ్ గోడలు, విప్పి వదిలేసిన పైపు చివరలు, స్విచ్‌బోర్డు దగ్గరగా. తేదీ కనబడాలి. ఆ స్థితి పోతే మళ్లీ రాదు. వాట్సాప్ చాట్ మొత్తం ఎక్స్‌పోర్ట్ చేసి ఈమెయిల్‌కు పంపుకోండి. మెసేజ్‌లు వాటంతటవే చెరిగిపోయే సెట్టింగ్ ఉంటే ఇప్పుడే తీసేయండి. 6,000 ఎవరి ఖాతాలోకి వెళ్లింది? ఉత్తరంలో అతని భార్య పేరు కనిపిస్తోంది. పని చేసింది అతనా, అతని కంపెనీయా అన్నది తేలకపోతే నోటీసు ఎవరికివ్వాలో తెలియదు. అక్కడి కంపెనీల రిజిస్టర్ ఉండే కంపెనీస్ హౌస్ వెబ్‌సైట్‌లో వెతకండి.

తర్వాత ఒక నోటీసు. 1,400 ఒప్పుకుంటున్నాం, వ్యాట్ ఒప్పుకోం, పైపులకు ఫోటోలు, సామాన్ల బిల్లులు పంపు, పూర్తిచేసే ఖర్చు ఇదీ, జవాబుకు 14 రోజులు. మీ లెక్కలో ఇవ్వాల్సింది తేలితే అంతే ఇస్తామని, తుది సెటిల్‌మెంట్‌గా తీసుకొమ్మని రాయండి. తేడా వందల్లోనే ఉంటే మీరే కాస్త తగ్గి ముగించుకోండి. 10,000 పౌండ్ల లోపు తగాదాలు అక్కడ స్మాల్ క్లెయిమ్స్ (చిన్న మొత్తాల కేసులు) కిందికి వెళ్తాయి. గెలిచినా లాయర్ ఫీజు సాధారణంగా తిరిగి రాదు.

మిగిలిన పని ఇచ్చేటప్పుడు మాత్రం "ఎంతవుద్ది" అని అడగొద్దు. ఏ పని, ఏ సామాను, వ్యాట్‌తో కలిపి ఎంత, పాత చెత్త ఎవరు తీసుకెళ్లాలి, అదనపు పనికి ముందు రాతపూర్వక అనుమతి, పని అయినంతకే డబ్బు, చివరి విడత ఎలక్ట్రికల్ సర్టిఫికెట్ చేతికొచ్చాకే. ఇవన్నీ ఒక పేజీలో పట్టేస్తాయి.

పైపుల సంగతి మిగిలింది. మూడో స్క్రీన్‌షాట్‌లో "అన్నా గోడలో పైపులు మొత్తం పోయినయ్, మార్చాలి" అన్న మెసేజ్ కింద బొమ్మ సగంలో కత్తిరించి ఉంది. మీ జవాబు ఆ కత్తిరించిన చోట ఉంది. 2,120 పౌండ్లు దాని మీద ఆధారపడ్డాయి. కత్తిరించకుండా పంపండి.