ఎండెక్కేలోపు కొండ దిగాలి

ప్రశ్న: మాది విజయవాడ పటమట. ఆఫీసు ఫ్రెండ్స్ ఆరుగురం కలిసి ఒక ఆదివారం ఏదైనా కొండ శిఖరం దాకా నడిచి సాయంత్రానికి ఇంటికి వచ్చేయాలని అనుకుంటున్నాం. నాన్నగారు కూడా వస్తానంటున్నారు, ఆయనకి 61 ఏళ్లు, రోజూ వాకింగ్ చేస్తారు కానీ బీపీ మాత్రలు వాడతారు. కొండవీడు బాగుంటుందా, మంగళగిరా? పొద్దున తొమ్మిదికి టిఫిన్ చేసి బయల్దేరితే సరిపోతుందా? అందరికీ ఫిబ్రవరి నెలాఖరులోనే కుదురుతోంది. - ఒక ఉద్యోగిని

జవాబు: తొమ్మిదికి టిఫిన్ చేసి బయల్దేరితే మీరు కొండ మొదట్లో కాలు పెట్టేసరికి పదకొండవుతుంది, ఇక ఆ రోజు ఎక్కకపోవడమే మంచిది. శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందని మనవాళ్లు ఊరికే అనలేదు. ఫిబ్రవరి నెలాఖరుకి మనవైపు మధ్యాహ్నం 34, 35 డిగ్రీలు మామూలే. పైన చల్లగా ఉంటుందిలే అనుకుంటారేమో, వెయ్యి మీటర్లు ఎక్కితే తగ్గేది సుమారు ఆరున్నర డిగ్రీలు, మన కొండలు అందులో సగం ఎత్తు కూడా అంతంతమాత్రమే. పైగా పొద్దుటి నుంచీ ఎండకి కాగిన బండలు కింది నుంచి సెగ కొడతాయి. కాబట్టి మన ప్రాంతంలో ప్లాన్ ఎప్పుడూ చివరి నుంచి వేసుకోవాలి. పదిన్నర, మహా అయితే పదకొండుకి కొండ కింద ఉండాలి, అక్కడి నుంచి వెనక్కి లెక్కపెట్టుకోండి.

లెక్కకి పాత సూత్రం ఒకటుంది. 1892లో విలియం నైస్మిత్ అనే స్కాట్లండ్ ఆయన చెప్పింది: నడిచే ప్రతి 5 కిలోమీటర్లకి ఒక గంట, ఎక్కే ప్రతి 600 మీటర్ల ఎత్తుకి ఇంకో గంట. ఉదాహరణకి మీ దారి 4 కిలోమీటర్లు, ఎక్కాల్సిన ఎత్తు 400 మీటర్లు అనుకుంటే గంటన్నర వస్తుంది. కానీ అది చలిదేశంలో, ఆగకుండా నడిచేవాళ్ల లెక్క. ఏడుగురు కలిసి వెళ్తే ఒకరి లేసు ఊడుతుంది, ఇంకొకరికి సెల్ఫీ కావాలి, మూడోవాళ్లకి ఆయాసం, అందుకని రెండున్నర గంటలు వేసుకోండి. కొండవీడుకే వెళ్తే గుంటూరు మీదుగా సుమారు 60 కిలోమీటర్లు కాబట్టి నాలుగున్నరకల్లా ఇల్లు వదలాలి, ఆరుంపావుకి వెలుగు రాగానే నడక మొదలుపెట్టాలి. తొమ్మిదింపావుకి ఎక్కడుంటే అక్కడి నుంచి వెనక్కి తిరగాలి, శిఖరం కళ్లముందే కనిపిస్తున్నా సరే. ఈ టైము ముందురోజే అందరితో ఒప్పించండి, ఎందుకంటే పైన నిలబడి "ఇంకో పది నిమిషాలే కదా" అనే మనిషి ప్రతి గ్యాంగులోనూ ఒకరుంటారు.

ఇక ఏ కొండ అంటే, నాన్నగారు వస్తున్నారు కాబట్టి నా ఓటు మంగళగిరికే. మధ్యలో ఆగిపోయే వీలున్న కొండ కావాలి మీకు. అక్కడ పానకాలస్వామి గుడి దాకా మెట్లూ ఉన్నాయి, బండ్లు వెళ్లే రోడ్డూ ఉంది. ఆయన ఆటోలో అక్కడికి వచ్చి కలవొచ్చు, ఓపికుంటే మీతో పాటు గండాలస్వామి దీపం పెట్టే శిఖరం వైపు వస్తారు, లేదంటే గుడి దగ్గరే నీడన కూర్చుంటారు. శంఖంతో పోసిన పానకం స్వామి నోట్లో గుటగుటమని పోవడం, సగం అయ్యాక మిగిలింది మనకే ప్రసాదంగా ఇవ్వడం మీకు తెలిసిందే. బెల్లం, మిరియాలు, యాలకులు వేసిన ఆ నీళ్లు చెమట పట్టిన ఒంటికి ఎంత హాయో మెట్లెక్కి తాగితేనే తెలుస్తుంది. దర్శనం మాత్రం వాయిదా వేయకండి, సాయంత్రం పూజ దేవతలది అనే నమ్మకం కొద్దీ పై గుడి మధ్యాహ్నం దాటాక మూసేస్తారు.

మాత్రల సంగతి: బీపీ మందుల్లో కొన్ని మూత్రం ఎక్కువ పోయేలా చేస్తాయి, ఎండలో నడిచేటప్పుడు వాటితో ఒంట్లో నీరు ఇంకా తగ్గుతుంది. సొంతంగా మానేయకుండా ఆ వారంలోనే డాక్టరుగారిని ఒక మాట అడగండి.

కొండవీడుని మీరు ఆరుగురే ఇంకోసారి పెట్టుకోండి, వచ్చే డిసెంబరులో. రెడ్డిరాజుల రాజధాని అది, 1515లో శ్రీకృష్ణదేవరాయల చేతికి వచ్చింది. సుమారు 1,700 అడుగుల ఎత్తున, కొండ అంచుల వెంబడే పోయే కోటగోడలూ పైన చెరువులూ చూస్తూ నడవాలంటే తొందర పనికిరాదు. ఘాట్ రోడ్డు పడింది కాబట్టి కారులో పోదాం అనేవాళ్లని మీ గ్యాంగులోంచి తీసేయండి.

ప్రశ్న: గుంటూరులో డిగ్రీ చదువుతున్నా. కోటప్పకొండ గుడికి చిన్నప్పటి నుంచీ వెళ్తున్నాను, ఈసారి రుద్ర శిఖరం మీది పాత కోటప్ప గుడికి నడిచి వెళ్లాలని ఉంది. చెప్పులు చాలవా? లీటరు బాటిల్ ఒక్కటి తీసుకెళ్తే సరిపోదా? - ఒక విద్యార్థి

జవాబు: రెండూ చాలవు తమ్ముడూ. చెప్పులతో ఎక్కేస్తావు, దిగేటప్పుడు ఏడుస్తావు. గులకరాళ్ల మీద మడమ జారుతుంది, బొటనవేలు ముందుకి గుద్దుకుంటుంది. గరుకు అడుగున్న పాత బూట్లే వేసుకో, కొత్తవి ఆ రోజే బయటికి తీస్తే బొబ్బలు ఖాయం. ముందురోజు గోళ్లు తీసుకో, దిగేముందు లేసు విప్పి చీలమండ దగ్గర బిగించి కట్టుకో, నీ వేళ్లు బతుకుతాయి.

నీళ్లు గంటకి అర లీటరు లెక్కన, ఎండ ముదిరితే ఇంకా ఎక్కువ పట్టుకెళ్లు. నాలుగు గంటల నడకకి రెండు లీటర్లు, పైన ఇంకొకటి. మోయలేనంటే తాగలేవు కూడా. ఒక బాటిల్లో ఓఆర్ఎస్ కలుపుకో, ప్యాకెట్ మీద ఎన్ని నీళ్లని రాసుంటే అన్నే పొయ్యాలి. ప్యాకెట్ లేకపోతే లీటరు నీళ్లకి ఆరు టీస్పూన్ల చక్కెర, అర టీస్పూన్ ఉప్పు, రెండూ స్పూను అంచుకి సమంగా, అంతే. తలనొప్పి, కళ్లు తిరగడం, పిక్కలు పట్టేయడం మొదలైతే నీడన కూర్చుని తాగి, తేరుకున్నాక కిందికే రావాలి, పైకి కాదు. మాట తడబడినా, పొంతన లేకుండా మాట్లాడుతున్నా అది వడదెబ్బే, ఒంటి మీద నీళ్లు పోస్తూ గాలి విసురుతూ 108కి ఫోన్ చేయాలి.

గొల్లభామ కథ నీకు తెలిసే ఉంటుంది. వెనక్కి తిరిగి చూడకుండా నడిస్తే వెంట వస్తానని శివుడన్నాడు, ఆమె ఉండబట్టలేక చూసింది, ఆయన బ్రహ్మ శిఖరం మీదే ఆగిపోయాడు. ఆ షరతు ఆవిడకి, నీకు కాదు. నువ్వు ప్రతి చీలిక దగ్గరా ఆగి వెనక్కి తిరిగి చూడు, వీలైతే ఫోటో తీసుకో. ఎక్కేటప్పుడు చూసిన దారి దిగేటప్పుడు వేరేలా కనిపిస్తుంది, చాలామంది తప్పిపోయేది అక్కడే.

ఎండుగడ్డిలో చేతులు పెట్టకు, కర్ర తట్టుకుంటూ నడువు. ఒకవేళ పాము కరిస్తే కోయడం, పీల్చడం, తాడు బిగించడం ఏవీ వద్దు. ఆ కాలో చెయ్యో కదలకుండా ఉంచి వీలైనంత త్వరగా ప్రభుత్వ ఆసుపత్రికి చేర్చాలి. ఒంటరిగా మాత్రం వెళ్లకు, ఇంట్లో ఏ దారిన వెళ్తున్నావో, ఎన్నింటికి దిగుతావో చెప్పి బయల్దేరు.

ప్రశ్న: కొండ మీద రాత్రి టెంట్ వేసుకుని మంట పెట్టుకోవచ్చా? - గుంటూరు నుంచి నలుగురు స్నేహితులు

జవాబు: వద్దు. అడవి కొండల్లో అటవీశాఖ అనుమతి లేకుండా రాత్రి ఉండకూడదు, ఎండాకాలం ముందు ఒక్క నిప్పురవ్వ చాలు కొండంతా కాలడానికి. మీ బిర్యానీ కింద ఊళ్లో తినండి.

ప్రశ్న: మంగళగిరి, కొండవీడు అయిపోయాయి. మహారాష్ట్రలో కల్సుబాయి ఎక్కగలనా? - ఒక బ్యాంకు ఉద్యోగి, విజయవాడ

జవాబు: ఎక్కగలరు. 1,646 మీటర్లు, ఆ రాష్ట్రంలో అదే ఎత్తైన శిఖరం. అయితే బారీ అనే ఊరి నుంచి ఎక్కాల్సింది మన కొండవీడుకి దాదాపు రెట్టింపు ఉంటుంది, మధ్యలో నిటారుగా ఇనుప నిచ్చెనలు వస్తాయి. వెళ్లేముందు ఒక నెలపాటు వారానికోసారి మంగళగిరి మెట్లు ఆపకుండా రెండుసార్లు ఎక్కిదిగండి, అందులోనూ దిగడం మీద ధ్యాస పెట్టండి, మోకాళ్ల సత్తా తేలేది అప్పుడే. వానాకాలం ఆదివారాల్లో ఆ నిచ్చెనల దగ్గర దసరాకి దుర్గమ్మ గుడి ముందున్నంత క్యూ ఉంటుంది, మెట్టు తడిగా ఉంటుంది, వెనకవాళ్లు తొందరపెడతారు. వానలు వెనకపట్టాక సెలవు పెట్టుకుని వారం మధ్యలో వెళ్లండి.