తొలి ఏకాదశి, ఆషూరా ఒకే రోజున వచ్చినప్పుడు

మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్నది ఇలా. అమ్మమ్మగారు పోయిన తర్వాత ఇంట్లో జరిగే పూజలూ వ్రతాలూ మీకు ఒట్టి అలవాట్లుగా తోస్తున్నాయి. వాటిలో మీకంటూ ఒక అర్థం వెదుక్కోవాలని ఉంది. అయితే మాదాపూర్‌లో మీతో ఒకే ఫ్లాట్‌లో ఉంటున్న ముగ్గురిలో ఒకరు ముస్లిం, ఒకరు క్రైస్తవులు, ఒకరు ఏ దేవుణ్ణీ నమ్మనివారు కాబట్టి, మీ మతాన్ని మీరు గట్టిగా పట్టుకుంటే లోలోపల వారిని తప్పుబట్టినట్టు అవుతుందేమోనని సంకోచం. "నేను నమ్మేది నిజమైతే వారు నమ్మేది అబద్ధం కావాలి కదా" అని అడిగారు.

నేను శాస్త్రం చదివినవాణ్ణి కాను. ముప్పై ఏళ్లకు పైగా పద్దులు రాసి పదవీ విరమణ చేసినవాణ్ణి. మలక్‌పేటలో, ఒక పక్క సున్నీ కుటుంబం, ఎదురుగా షియా కుటుంబం ఉన్న గల్లీలో నా జీవితంలో ఎక్కువ భాగం గడిచింది. అందువల్ల సిద్ధాంతం జోలికి పోకుండా, నాకు జరిగినవి మాత్రమే రాస్తాను.

మా నాన్నగారు పోయిన మొదటి ఏడాది మాసికాలు పెట్టినన్నాళ్లూ నాకు కలిగింది విసుగే తప్ప భక్తి కాదు. పురోహితులు తొందరలో ఉండేవారు, నేను ఆఫీసు గడియారం చూసుకుంటూ ఉండేవాణ్ణి, మంత్రంలో ఒక్క ముక్కా నాకు అర్థమయ్యేది కాదు. పెద్ద కొడుకును గనుక కూర్చున్నాను, అంతే. తద్దినంలో తండ్రిని, తాతను, ముత్తాతను వసు రుద్ర ఆదిత్య రూపాలుగా భావించి, మూడు తరాల వారినీ పేరు పెట్టి పిలిచి పిండం పెడతారు. నాన్నగారు ఉన్నన్నాళ్లూ ఆయన పెట్టేవారు కాబట్టి ఆ పేర్లతో నాకు పని పడలేదు. మాసికాలప్పుడు అమ్మ పక్కన కూర్చుని అందిస్తే నేను వల్లించేవాణ్ణి. ఒక ఏడాది అమ్మ ఒంట్లో బాగులేక పడుకుని ఉండగా, ముత్తాత పేరు దగ్గర నేను ఆగిపోయాను. పన్నెండు సార్లకు పైగా పలికిన పేరు నాకు గుర్తు లేదు. పద్దు పుస్తకంలో పైసా తేడా వస్తే నిద్రపట్టని మనిషిని, నా రక్తంలో మూడో మెట్టు పైనున్న మనిషి పేరు మరిచిపోయాను.

ఆ సాయంత్రం నల్లగొండలో ఉన్న మా మేనత్తకు ఫోన్ చేశాను. ఆమె పేరు చెప్పి ఊరుకోలేదు. ముత్తాతగారు పరమ కోపిష్ఠి అని, పులిహోరలో ఇంగువ తక్కువైందని విస్తరి ముందునుంచి లేచి పోయిన మనిషి అని, అలిగి వెళ్లి గుడి అరుగు మీద కూర్చుంటే ముత్తవ్వ కావాలనే ఒక పూట ఆలస్యంగా మనిషిని పంపేదని చెప్పి, నవ్వి, చివరికి ఏడ్చింది. (ఆ కోపం నాకూ వచ్చిందని నా భార్య అంటుంది, ఇంగువ విషయంలో మాత్రం కాదు.) మరుసటి ఏడు అదే మంత్రం, అదే తొందర, అదే పురోహితులు. కానీ ఆ పేరు పలికినప్పుడు నా ముందు ఒక మనిషి ఉన్నాడు. పితృలోకం ఉందా, పిండం వారికి చేరుతుందా అన్న ప్రశ్నలకు అప్పుడూ నా దగ్గర జవాబు లేదు, ఇప్పుడూ లేదు. ఏడాదికి ఒక రోజు మూడు తరాల పేర్లు నోరారా పలకడం మాత్రం నాకు అవసరమని తెలిసింది. మీరు అడుగుతున్న సొంత అర్థం నాకు దొరికింది ఇక్కడే.

ఇందులో పక్కింటివారిని తప్పుబట్టవలసిన అవసరం ఎక్కడా రాలేదని గమనించండి. అయినా ఆ పాఠం నాకు అంత సులువుగా ఎక్కలేదు.

చాలా ఏళ్ల కిందట సత్యనారాయణ వ్రతం చేసుకుని, పక్కింటి ఖాలాకు (ఉర్దూలో పిన్నమ్మను అలా పిలుస్తారు) ప్రసాదం తీసుకువెళ్లాను. ఆమె నన్ను చిన్నప్పుడు ఎత్తుకుని తిప్పిన మనిషి. గిన్నె వైపు చూసి, ఎంతో మొహమాటంగా, "బేటా, పూజలో పెట్టింది మేము తినకూడదు. విడిగా వండింది పంపు, కడుపు నిండా తింటాం" అన్నది. నాకు తల కొట్టేసినట్టయింది. ఇంటికి వచ్చి, ఇన్నేళ్ల స్నేహానికి ఇదా విలువ అని అమ్మ ముందు విరుచుకుపడ్డాను. అమ్మ బియ్యం ఏరుతూ తల ఎత్తకుండానే, "తద్దినం నాడు ఆమె గ్లాసుతో మంచినీళ్లిస్తే నువ్వు తాగుతావా?" అని అడిగింది. తాగను. కర్తగా ఆ పూట బయట ఏమీ ముట్టుకోను. దాన్ని ఖాలా ఏనాడూ అవమానంగా తీసుకోలేదు.

తర్వాత జరిగినది నాకు అంతకన్నా ముఖ్యంగా అనిపిస్తుంది. నైవేద్యం కాకముందే అందులోంచి తీసి పక్కన పెడితే ఎంగిలి అవుతుందని అమ్మకు పట్టింపు. నైవేద్యం అయ్యాక తీస్తే ఖాలా తినదు. ఇద్దరిలో ఎవరూ తమ నియమాన్ని సడలించుకోలేదు, ఎదుటివారిని సడలించమని అడగనూ లేదు. అమ్మ రెండో పొయ్యి మీద, చిన్న గిన్నెలో, విడిగా రవ్వకేసరి చేయడం మొదలుపెట్టింది. ఖాలా కూడా రంజాన్‌కు షీర్ ఖుర్మా వండేటప్పుడు మాంసం తగలని గిన్నె ఒకటి మా కోసం వేరుగా పెట్టుకుంది. ఇద్దరికీ పని పెరిగింది. ఇతరుల నమ్మకాన్ని గౌరవించడం గురించి నాకు తెలిసినదంతా ఆ రెండో పొయ్యి దగ్గర నేర్చుకున్నదే.

మీ ప్రశ్నలోని నిజం, అబద్ధం సంగతికి వస్తాను. ఒకప్పుడు దీనికి నా దగ్గర సిద్ధంగా ఒక జవాబు ఉండేది: అన్ని మతాలూ చెప్పేది ఒక్కటే, పేర్లే వేరు. ఎదురింటి ఉర్దూ మాస్టారి దగ్గర ఒకసారి ఈ మాట గొప్పగా చెప్పాను. ఆయన మర్యాదగా అంతా విని, "మాస్టర్ని కాబట్టి అడుగుతున్నాను, ఇది కూడా మీ నమ్మకమే కదా? నా నమ్మకం ఏమిటో నన్ను అడగకుండానే అది మీ దాంట్లో ఒక భాగమని తేల్చేశారు" అన్నారు. నిజమే. దేవుడు ఒక్కడే, ఆయనకు సాటిగా మరొకటి నిలపరాదు అన్నది ఎవరికైతే ప్రాణమో, వారితో "మీదీ మాదీ ఒకటే" అనడం స్నేహంగా వినిపించవచ్చు గానీ, వారి మాట మనం వినలేదన్న సంగతిని అది దాచదు. శైవ వైష్ణవ భేదాలు బలంగా ఉన్న 13వ శతాబ్దంలో తిక్కన తన భారతాన్ని హరిహరనాథునికి అంకితం చేశారు. హరినీ హరునీ ఒకే మూర్తిగా చూడటం మన వాళ్లకు మన వాళ్ల మధ్య కుదిరిన చక్కని మార్గం. అదే మార్గాన్ని అందరి ఇళ్ల మీదుగా వేయాలనుకోవడం నా పొరపాటు.

2024 జూలై 17న తొలి ఏకాదశి, ముహర్రం నెల పదో రోజైన ఆషూరా ఒకే రోజున వచ్చాయి. మన పంచాంగమూ ముస్లింల హిజ్రీ లెక్కా రెండూ చంద్రుణ్ణే అనుసరిస్తాయి. మనం రెండున్నర, మూడేళ్లకు ఒక అధిక మాసం చేర్చి ఋతువులతో సరిపెట్టుకుంటాం, వారు చేర్చరు. అందుకే ముహర్రం ఏటా సుమారు 11 రోజులు ముందుగా వస్తూ, సుమారు ముప్పై రెండు, ముప్పై మూడేళ్లకు ఒకసారి తిరిగి ఆషాఢంతో కలుస్తుంది. నెలవంక కనబడిన సాయంత్రం నుంచి లెక్కించే పదో రోజు, శుద్ధ ఏకాదశి అప్పుడు పక్కపక్కనే పడతాయి.

ఆ రోజు మా గల్లీలో మూడు ఇళ్లలో మధ్యాహ్నం వంట లేదు. విష్ణువు యోగనిద్రలోకి వెళ్లే రోజని అమ్మ ఉపవాసం ఉండి, మాకు మాత్రం పేలాల పిండిలో బెల్లం కలిపి పెట్టింది. మూసా ప్రవక్తను, ఆయన ప్రజలను అల్లాహ్ ఈజిప్టు రాజు ఫిరౌను బారినుంచి కాపాడిన రోజని ఖాలా ఇంట్లో రోజా ఉన్నారు. ఎదురింట్లో నల్లబట్టలు. క్రీ.శ. 680లో కర్బలాలో ముహమ్మద్ ప్రవక్త మనవడు ఇమామ్ హుస్సేన్ ఆకలిదప్పులతో అమరులైన రోజు అది. వారు సాయంత్రపు నమాజు వేళ వరకు నీళ్లు కూడా ముట్టరు గానీ, దాన్ని రోజా అనరు, ఫాఖా అంటారు, ఎందుకంటే అది శోకం. డబీర్‌పురాలోని బీబీ కా అలావా నుంచి ఏనుగు మీద బయలుదేరి చాదర్‌ఘాట్ చేరే బీబీ కా అలం అనే పవిత్ర ధ్వజం ఊరేగింపుకు మాస్టారు వయసు మీదపడినా వెళ్లారు. ఒకే మతంలోని రెండు ఇళ్లలో ఒకచోట కృతజ్ఞత, ఒకచోట దుఃఖం. మా ఇంట్లో మరొకటి. కడుపులు ఒకేలా ఖాళీగా ఉన్నాయి కాబట్టి అర్థమూ ఒకటేనని ఆ రోజు ఎవరైనా అని ఉంటే, ముగ్గురిలో కనీసం ఇద్దరికి బాధ కలిగేది. నేను అనలేదు. చాదర్‌ఘాట్ నుంచి తిరిగి వచ్చిన మాస్టారికి కుర్చీ వేసి, ఫాఖా విడిచారని తెలిశాక మంచినీళ్లు ఇచ్చాను.

కాబట్టి "వారిది అబద్ధం కావాలి కదా" అన్నదానికి నా జవాబు ఇది: కావచ్చు. ఖాలా దృష్టిలో మా అమ్మ పూజ తప్పే, ఆమె దాన్ని ఏనాడూ దాచలేదు. కొన్ని విషయాల్లో మీ మాటా మీ స్నేహితుల మాటా రెండూ ఒకేసారి నిజం కాలేవు. ఆ తేడాను తీర్చేయాలని మీరెందుకు తొందరపడుతున్నారన్నదే నాకు అర్థం కానిది. ఒకే వంటగదిలో ఉండటానికి అది తీరవలసిన పని లేదు. అయితే గౌరవానికి ఒక హద్దు ఉందని కూడా చెప్పాలి: ఎదుటి మనిషిని కులం పేరుతోనో, ఆడమనిషి అనో గడప బయట నిలబెట్టే ఆచారాన్ని, అది మా ఇంటిదైనా సరే, నమ్మకం పేరు చెప్పి గౌరవించడం నా వల్ల కాదు.

నిజం చెప్పాలంటే పక్కింటివారు నాకు ఎన్నడూ అంత కష్టం కాలేదు, కష్టమైంది సొంత తమ్ముడు. వాడు నాస్తికుడు, తద్దినానికి కూర్చోడు. ఆరేడేళ్లు ఆ రోజున మా మధ్య మాటలు ఉండేవి కావు. పరాయివారి నమ్మకాన్ని గౌరవించడం తేలిక, వారి నుంచి మనం ఏమీ ఆశించం. తమ్ముడు నాతో కూర్చోకపోతే నాన్నను వదిలేసినట్టు నాకు తోచేది. ఒక ఏడాది "నువ్వు ఎందుకు నమ్మవు" అని అడగడం మానేసి, "నాన్న గురించి నీకు ఏం గుర్తుంది" అని అడిగాను. నాకు తెలియని సంగతి చెప్పాడు: రాత్రిపూట నాన్న వాడికి సైకిల్ నేర్పేవారట, పగలు ఎవరైనా చూస్తే పడినప్పుడు సిగ్గుపడతాడని. ఇప్పుడు ఆ రోజున వాడు తెల్లవారే వచ్చి, విస్తళ్లు కడిగి, భోక్తలు లేచిన తర్వాత అందరికీ వడ్డిస్తాడు. మంత్రం జరిగేంతసేపూ వరండాలో పేపరు చదువుకుంటాడు. నేను పిలవను.

మీరు మొదట చేయవలసిన పని ఫ్లాట్‌లో కాదు, మీ ఇంట్లో ఉంది. అమ్మమ్మగారు ఏ వ్రతాన్ని వదలకుండా చేసేవారో, ఏ ఏడాది మొదలుపెట్టారో, ఏ కష్టంలో మొక్కుకున్నారో మీ అమ్మగారిని అడగండి. దానిలో ఒక్కటి ఎంచుకుని, అర్థం వెంటనే తెలియకపోయినా, ఒక ఏడాది చేసి చూడండి. ఆ రోజు ప్రసాదం వండేటప్పుడు రెండో పొయ్యి మీద ఇంకో గిన్నె పెట్టాలా వద్దా అన్నది మీ స్నేహితులను ముందుగానే అడగండి. వారు వద్దంటే నొచ్చుకోకండి.