గూగుల్, బింగ్ ఉండగా సోషల్ సెర్చ్‌లో (పేజీల్లో కాక మనుషుల దగ్గర జవాబు వెతకడంలో) చిన్న డెవలపర్లకు చోటుందా?

ఉంది. కానీ వెబ్ మొత్తాన్ని వెతికే ఇంజిన్ కట్టాలనుకుంటే మాత్రం కష్టం. వెబ్ పేజీలన్నిటినీ వెతకడానికి వీలుగా పెట్టుకునే జాబితా, అంటే ఇండెక్స్, ఖర్చు మోయడం మాటలు కాదు. డక్‌డక్‌గో అనే సెర్చ్ ఇంజిన్ కూడా మామూలు లింకుల్లో చాలావాటికి బింగ్ మీదే ఆధారపడుతోంది.

మనుషుల అనుభవం కోసం వెతికేచోట అవకాశం ఉంది. "మోకాలి ఆపరేషన్ అయ్యాక మెట్లు ఎక్కడానికి భయం ఎలా పోయింది?" అని అడిగేవాళ్లకి వంద పేజీల కంటే ఆ దశ దాటిన మనిషి మాటే ధైర్యం. ఆర్డ్‌వార్క్ అనే సర్వీసు సరిగ్గా ఈ పనే చేసింది: మన ప్రశ్నను స్నేహితుల్లో, వాళ్ల స్నేహితుల్లో విషయం తెలిసినవాళ్లకి పంపేది. 2010లో గూగుల్ కొనేసింది, మరుసటి ఏడాది మూసేసింది. ఆలోచన మాత్రం ఇప్పటికీ బతికే ఉందని నా నమ్మకం.

ఒకే రంగం పట్టుకోండి. అసలు టెన్షన్ కోడ్‌తో కాదు, ఓపిగ్గా జవాబిచ్చేవాళ్లను కూడగట్టడంతోనే. వాళ్లు దొరికేదాకా ర్యాంకింగ్ (ఏ జవాబు ముందు చూపాలో తేల్చడం) జోలికి వెళ్లకండి.