పక్ (ఐస్ హాకీలో కొట్టే రబ్బరు బిళ్ల) తన దగ్గర లేనప్పుడు ఏం చేస్తున్నాడో చూడండి

ప్రశ్న: మేము కెనడాలో ఉంటున్నాము. మా అబ్బాయికి 15 ఏళ్లు. ఐస్ హాకీలో రైట్ వింగ్‌లో, అంటే కుడి అంచున దాడి చేసే స్థానంలో ఆడతాడు, తన జట్టులో ఎక్కువ గోల్స్ వాడివే. ఎత్తు ఐదడుగుల ఏడంగుళాలు. త్వరలో మేజర్ జూనియర్ (కెనడాలో టీనేజర్ల అగ్రస్థాయి లీగులు) జట్టు నుంచి పిలుపు రావచ్చని కోచ్ అంటున్నారు. అక్కడ ఒక్క మ్యాచ్ ఆడినా అమెరికా కాలేజీ హాకీకి దారి మూసుకుపోతుందని విన్నాము. ఇది నిజమేనా? ప్రొఫెషనల్ ఫార్వర్డ్‌గా (దాడి చేసే ఆటగాడిగా) వాడు స్థిరపడగలడా? అందుకోసం చదువు తగ్గించి ఏడాది పొడవునా శిక్షణ ఇప్పించాలా?

జవాబు: మీరు విన్నది కొంతకాలం క్రితం వరకు నిజమే. ఎన్‌హెచ్‌ఎల్ (ఉత్తర అమెరికా అగ్రశ్రేణి ప్రొఫెషనల్ లీగ్) ఒప్పందం కుదిరిన ఆటగాళ్లు కూడా మేజర్ జూనియర్ లీగుల్లో ఆడతారు, ఆటగాళ్లందరికీ నెలనెలా భత్యం అందుతుంది కాబట్టి, అమెరికా కాలేజీ క్రీడలను నిర్వహించే ఎన్‌సీఏఏ ఆ లీగుల్లో ఆడినవారిని ప్రొఫెషనల్స్‌గానే లెక్కగట్టేది. 2024 నవంబరులో ఆ నిబంధనను మార్చారు. 2025 ఆగస్టు 1 నుంచి మేజర్ జూనియర్‌లో ఆడినవారికి కూడా డివిజన్ వన్ (కాలేజీ క్రీడల్లో అగ్రశ్రేణి) కాలేజీలో ఆడే అర్హత ఉంది, అయితే అవసరమైన ఖర్చులకు మించి పారితోషికం తీసుకుని ఉండకూడదు. కాబట్టి పదిహేనేళ్లకే తిరిగిరాని దారి ఎంచుకోవాల్సిన ఒత్తిడి మీ అబ్బాయిపై లేదు. ఎన్‌హెచ్‌ఎల్ జట్టుతో ఒప్పందంపై సంతకం చేస్తే మాత్రం కాలేజీ ఆట ముగిసినట్టే.

ఇక స్థిరపడగలడా అన్న ప్రశ్న. ఎన్‌హెచ్‌ఎల్‌లో 32 జట్లు ఉన్నాయి. మ్యాచ్ రోజున ఒక్కో జట్టు సాధారణంగా 12 మంది ఫార్వర్డ్‌లను మంచు మీదికి దింపుతుంది, అంటే ప్రపంచం మొత్తానికి 384 స్థానాలు. జట్లు వంతులవారీగా కొత్త ఆటగాళ్లను ఎంచుకునే, ఏటా జరిగే డ్రాఫ్ట్‌లో ఏడు రౌండ్లలో 224 మందిని ఎంపిక చేస్తారు, అందులో డిఫెన్స్ ఆటగాళ్లూ గోలీలూ ఉంటారు, ఎంపికైనవారిలో చాలామంది ఎన్‌హెచ్‌ఎల్‌లో నిలదొక్కుకోలేరు. అయితే ప్రొఫెషనల్ హాకీ అంటే ఎన్‌హెచ్‌ఎల్ ఒక్కటే కాదు. దాని దిగువన ఏహెచ్‌ఎల్, ఈసీహెచ్‌ఎల్ అనే లీగులు ఉన్నాయి. స్వీడన్, ఫిన్లాండ్, స్విట్జర్లాండ్, జర్మనీ, చెక్ లీగుల్లో ఏళ్ల తరబడి ఆడి గౌరవంగా జీవనం సాగించినవారు ఎందరో ఉన్నారు. మీ లెక్కలో వాటిని కూడా చేర్చుకోండి.

మీ ఉత్తరంలో నన్ను ఆలోచింపజేసిన మాట, గోల్స్ ఎక్కువ వాడివేనన్నది. ఎన్‌హెచ్‌ఎల్ జట్టు నాలుగో లైన్‌లో (కలిసి దిగే ముగ్గురు ఫార్వర్డ్‌ల బృందాన్ని లైన్ అంటారు) ఆడే ఫార్వర్డ్ కూడా ఒకప్పుడు తన ఊరి జట్టుకు అత్యధిక గోల్స్ చేసినవాడే అయి ఉంటాడు. పై మెట్టుకు వెళ్లేసరికి మొదటి రెండు లైన్లలోనూ పవర్ ప్లేలోనూ (శిక్ష పడి ప్రత్యర్థికి ఒక ఆటగాడు తక్కువైన సమయం) చోటు కొద్దిమందికే దక్కుతుంది, మిగిలినవారు వేరే పనితో తమ స్థానం సంపాదించుకోవాలి. వింగర్‌కు ఆ పని చాలా స్పష్టంగా ఉంటుంది: తమ జోన్‌లో (తమ గోల్ వైపున్న భాగంలో) ప్రత్యర్థి డిఫెన్స్ ఆటగాడు ఆ జోన్ హద్దైన బ్లూ లైన్ దగ్గర నుంచి షాట్ కొట్టకుండా అడ్డు నిలవడం, రింక్ చుట్టూ ఉండే బోర్డుల వెంట వచ్చిన పక్‌ను వెనుక నుంచి ఒత్తిడి ఉన్నా జోన్ దాటించడం, ఫోర్‌చెక్‌లో (ప్రత్యర్థి జోన్‌లోనే పక్ లాక్కునే ప్రయత్నంలో) ముందు వెళ్లినవాడు ఎటు తరుముతున్నాడో చూసి తర్వాతి పాస్‌ను ఊహించి ఆపడం, పక్ పోయిన మరుక్షణం వెనక్కి పరుగెత్తడం. ఇదంతా దాదాపు 45 సెకన్ల షిఫ్ట్‌లో (ఒకసారి మంచు మీదికి దిగి మళ్లీ బెంచీకి వచ్చేలోపు), పూర్తి వేగంతో జరగాలి. కాబట్టి ఒక మూడు మ్యాచ్‌లను వీడియో తీసి, గోల్స్‌ను పక్కన పెట్టి, మీ అబ్బాయి దగ్గర పక్ లేని సమయాన్ని మాత్రమే వాడితో కలిసి చూడండి. స్కౌట్లు (జట్ల కోసం ఆటగాళ్లను వెతికేవారు) శ్రద్ధగా గమనించేది ఆ సమయాన్నే. ఈ అలవాట్లు పదిహేనేళ్లకు వస్తే మేలు, ఇరవై ఏళ్లకు నేర్పడం చాలా కష్టం.

ఎత్తు గురించి మీరు దిగులు పడుతున్నారని అర్థమవుతోంది. ఎన్‌హెచ్‌ఎల్ మాజీ ఫార్వర్డ్ మార్టిన్ సెయింట్ లూయీ ఎత్తు ఐదడుగుల ఎనిమిదంగుళాలు, ఆయనను డ్రాఫ్ట్‌లో ఎవరూ తీసుకోలేదు. వెర్మాంట్ విశ్వవిద్యాలయంలో నాలుగేళ్లు ఆడాక ప్రొఫెషనల్ అయ్యారు; 2004లో లీగ్‌లో అత్యధిక పాయింట్లు (గోల్స్, గోల్స్‌కు అందించిన పాస్‌లు కలిపి) సాధించి, అత్యంత విలువైన ఆటగాడి పురస్కారంతో పాటు ఎన్‌హెచ్‌ఎల్ విజేతకు ఇచ్చే స్టాన్లీ కప్ కూడా గెలిచారు. ఆయనలాంటివారు అరుదన్నది నిజమే గానీ, ఆయన ఎంచుకున్న కాలేజీ దారి మీకు పనికొస్తుంది. మేజర్ జూనియర్‌లోని ఆంటారియో లీగ్‌లో ఒక సీజన్‌కు 68 మ్యాచ్‌లు ఉంటాయి, కాలేజీలో సుమారు సగమే, అందువల్ల వారం మధ్యలో బలం పెంచుకునే వ్యాయామానికి తీరిక దొరుకుతుంది. ఆలస్యంగా ఎదిగే శరీరానికి ఆ సమయం ఎంతో విలువైనది. అందుకే నా సలహా ఇది: మేజర్ జూనియర్ జట్టు పిలిచినా, అక్కడ నాలుగో లైన్‌లో కొద్ది నిమిషాలే ఆడించే పరిస్థితి ఉంటే వెంటనే ఒప్పుకోవద్దు; ఒక మెట్టు కింద ఉండే ‘జూనియర్ ఏ’ స్థాయిలో మొదటి లైన్‌లోనూ పెనాల్టీ కిల్‌లోనూ (శిక్ష పడి తమకు ఒక ఆటగాడు తక్కువైన సమయం) ఒక ఏడాది ఆడి వెళ్లడం మేలు. సంతకం చేసే ముందు ఆ జట్టు ఇచ్చే చదువు సాయం ఎప్పటిలోగా వాడుకోవాలో, ఏ సందర్భాల్లో రద్దవుతుందో లిఖితంగా తెలుసుకోండి.

సంపాదన విషయంలో పెద్ద అంకెలు చూసి నిర్ణయం తీసుకోకండి. 2025-26లో ఎన్‌హెచ్‌ఎల్ కనీస వేతనం 7,75,000 అమెరికన్ డాలర్లు. కానీ కొత్త ఆటగాళ్ల ఒప్పందాల్లో సాధారణంగా రెండు జీతాలు రాసి ఉంటాయి, ఏహెచ్‌ఎల్‌కు పంపిన రోజులకు చెల్లించేది అందులో చాలా చిన్నది. పన్ను, ఏజెంటు రుసుము, లీగ్ జీతంలోంచి పట్టి ఉంచే మొత్తం (ఎస్క్రో) పోగా చేతికందేది ఇంకా తగ్గుతుంది. గాయాల సంగతి కూడా చెప్పాలి. తన తరంలో అత్యంత బలమైన సెంటర్‌లలో (లైన్ మధ్యలో ఆడే ఫార్వర్డ్‌లలో) ఒకరైన ఎరిక్ లిండ్రోస్ కెరీర్‌ను తలకు పదేపదే తగిలిన దెబ్బలు కుదించేశాయి. మీ అబ్బాయికి తలకు దెబ్బ తగిలితే, ఎంత ముఖ్యమైన మ్యాచ్ ఉన్నా, వైద్యుడు అనుమతించే వరకు రింక్‌లోకి పంపనని ఇప్పుడే ఇంట్లో నిశ్చయించుకోండి.

చదువు మాత్రం తగ్గించవద్దు. డివిజన్ వన్ కాలేజీలో ఆడాలంటే ఎన్‌సీఏఏ గుర్తించిన 16 ప్రధాన కోర్సులు పూర్తి చేసి, వాటిలో కనీసం 2.3 గ్రేడ్ సగటు తెచ్చుకోవాలి, ఆ లెక్క తొమ్మిదో తరగతి నుంచే మొదలవుతుంది. మీ అబ్బాయి ఇప్పటికే ఆ లెక్కలో ఉన్నాడు. ఈ నెలలోనే పాఠశాల సలహాదారును కలిసి, వాడు చదువుతున్న గణితం, సైన్స్ కోర్సులు ఆ జాబితాలో ఉన్నాయో లేదో సరిచూసుకోండి.

ఏడాది పొడవునా రింక్‌లోనే ఉంచాలన్న ఆలోచన కూడా విరమించుకోండి. హాకీ దిగ్గజం వేన్ గ్రెట్జ్‌కీ చిన్నతనంలో వేసవి రాగానే స్కేట్లు పక్కన పెట్టి బేస్‌బాల్, లక్రాస్ ఆడేవారు. ఈ వేసవిలో ఆరు వారాలైనా మీ అబ్బాయిని వాడికి నచ్చిన వేరే ఆట ఆడనివ్వండి. ఆ తర్వాత స్కేటింగ్ కోచ్ దగ్గర మలుపుల మీద, మొదటి మూడు అడుగుల వేగం మీద పని చేయించండి.