కృష్ణపట్నంలో ఆగిన ఓడ సిబ్బంది నెల్లూరు దాకా రావచ్చా? టైముకి వెనక్కి వెళ్లకపోతే?

రావచ్చు. ఒడ్డుకి దిగే సెలవు వాళ్ల హక్కు. 2006 నాటి సముద్ర కార్మికుల ఒప్పందంలోనే అది ఉంది, మన దేశం 2015లో దాన్ని ఆమోదించింది. కాకపోతే ఓడ బెర్తుకి, అంటే రేవులో ఓడని కట్టే చోటికి రావాలి. సముద్రంలో లంగరేసి ఉంటే దిగడం దాదాపు కుదరదు. నెలల తరబడి నీళ్లే చూసినవాళ్లు కళ్లెదుట ఒడ్డు పెట్టుకుని అక్కడే ఆగిపోవడం నాకైతే చాలా బాధనిపిస్తుంది.

ముందు కెప్టెన్ సరేననాలి. విదేశీయులైతే ఇమ్మిగ్రేషన్ ఇచ్చే షోర్ పాస్ (ఒడ్డుకి దిగే అనుమతి) కావాలి, మనవాళ్లకి గుర్తింపు పత్రాలు చాలు. దిగే నిచ్చెన దగ్గర రిజిస్టర్లో పేరు, టైము రాస్తారు. అక్కడే చిన్న బోర్డు మీద ఎన్నింటికల్లా తిరిగి రావాలో రాసి ఉంటుంది. అది చూడకుండా ఎవరూ దిగరు.

సరుకు పని త్వరగా అయిపోతే ఉన్న సెలవూ తగ్గిపోతుంది. ముత్తుకూరు మీదుగా నెల్లూరు వచ్చి, ఇంటికి వీడియో కాల్ చేసుకుని, మలై కాజా కట్టించుకుని వెళ్లేసరికే టైం సరిపోతుంది.

ఆలస్యమైతే వెంటనే ఓడకి, రేవులో ఓడ పనులు చూసే ఏజెంటుకి ఫోన్ చెయ్యాలి. ఓడని రేవు దాటించే పైలట్ ఎక్కాక ఒక్కరి కోసం ఓడ ఆగడం కష్టం. అది వెళ్లిపోతే ఇమ్మిగ్రేషన్ చిక్కులు తప్పవు.