ప్యాకెట్ మీద కొర్రమీను, లోపల పసుపు రంగు ముక్క: కేసు వేయవచ్చా?

సందేహం: మాది విజయనగరం. రిటైరైన ఉపాధ్యాయుణ్ణి. మనవరాలి పుట్టినరోజుకి ఊళ్లోని ఒక దుకాణంలో ‘కొర్రమీను, బోన్‌లెస్’ అని ముద్రించిన అరకిలో ఫ్రోజెన్ ప్యాకెట్లు నాలుగు కొన్నాం. మూడు విప్పితే ముక్కలు పసుపు పచ్చగా, మధ్యలో ముదురు గోధుమ రంగు చారతో ఉన్నాయి. వండాక ఒకటే మట్టి వాసన, నోట్లో పెట్టుకోలేకపోయాం. ఎవరికీ జబ్బు చేయలేదు. దుకాణదారుని అడిగితే “చెరువు చేప అలాగే ఉంటాది మేస్టారూ, విప్పేసిన ప్యాకెట్ మేం తీసుకోం” అన్నాడు. బిల్లు ఇవ్వలేదు, డబ్బు ఫోన్‌పేలో కట్టాం. నాలుగో ప్యాకెట్ విప్పకుండా ఫ్రిజ్‌లో ఉంది. ఇది కల్తీయేనా? కన్జూమర్ కోర్టుకి వెళ్లవచ్చా?

జవాబు: మేస్టారు గారూ, ముందు ఆ నాలుగో ప్యాకెట్ సంగతి. దాన్ని విప్పకండి, పడేయకండి, ఎవరికీ తిరిగి ఇవ్వకండి. ఫ్రిజ్ కింది అరల్లో ఉంటే ఇవాళే ఫ్రీజర్‌లోకి మార్చండి. ప్యాకెట్ మీద పేరు, బ్యాచ్ నంబరు, తయారీ తేదీ, గడువు తేదీ, 14 అంకెల ఫుడ్ లైసెన్స్ నంబరు, ప్యాక్ చేసినవాళ్ల చిరునామా కనబడేలా నాలుగు వైపులా ఫొటోలు తీయండి. విప్పిన మూడింటి కవర్లు చెత్తబుట్టలోకి పోకపోతే అవీ దాచండి. చాలామంది కోపంలో మిగిలిన సరుకు తీసుకెళ్లి కౌంటర్ మీద పెట్టేసి వస్తారు. ఆ తర్వాత వినియోగదారుల కమిషన్ (మీరన్న కన్జూమర్ కోర్టు) ముందు చూపించడానికి వాళ్ల చేతిలో ఏమీ ఉండదు.

ఇక కల్తీ మాట. రంగు తేడాగా ఉంది, వాసన కొట్టింది అన్న రెండు మాటలతో కల్తీ రుజువు కాదు. ఈ విషయంలో దుకాణదారు చెప్పినదాంట్లో సగం నిజం ఉంది. మంచినీటి చేపకి మట్టి వాసన పట్టడానికి ముఖ్య కారణం జియోస్మిన్ అనే పదార్థం. నీటిలోని నీలి ఆకుపచ్చ నాచు, మట్టిలోని కొన్ని సూక్ష్మజీవులు దాన్ని తయారుచేస్తాయి. తొలకరి చినుకు పడగానే నేల నుంచి వచ్చే వాసన కూడా దానిదే. అది మొప్పల ద్వారా చేపలోకి వెళ్లి కొవ్వులో చేరుతుంది. లవలేశం ఉన్నా మన ముక్కు పట్టేస్తుంది, కానీ ఆరోగ్యానికి హాని చేయదు. ఎండాకాలం నీరు తగ్గి నాచు పెరిగితే తాటిపూడి జలాశయమైనా ఊరి చెరువైనా ఈ ఇబ్బంది రావచ్చు. జాగ్రత్తపరుడైన రైతు పట్టుబడికి ముందు చేపల్ని మేత ఆపి కొన్ని రోజులు శుభ్రమైన పారే నీటిలో ఉంచుతాడు, వాసన తగ్గిపోతుంది. చింతపండు పులుపులో కూడా కొంత తగ్గుతుంది. మన అమ్మలు చెరువు చేపని చిక్కటి పులుసే ఎందుకు పెట్టేవారో దీన్నిబట్టి తెలుస్తుంది.

గోధుమ రంగు చారా అంతే. చేప పక్క గీత వెంబడి చర్మం కిందుండే ఎర్ర కండరం అది. గాలి తగిలితే గోధుమ రంగుకు తిరుగుతుంది, రుచి కూడా మిగతా మాంసం కన్నా ఘాటుగా ఉంటుంది. దాన్ని కోసి తీసేయకపోవడం పనితనం లోపమే గాని నేరం కాదు.

మరి మీ కేసులో పస ఎక్కడుంది? పేరులో ఉంది. కొర్రమీను మాంసం తెల్లగా, గట్టిగా ఉంటుంది. మీరు చెప్పిన పసుపు రంగు ఎక్కువగా కనబడేది హోటళ్లలో బాసా అని వడ్డించే పంగాసియస్ చేపలో. మేతలో మొక్కజొన్న లాంటి పసుపు రంగు గింజలు ఎక్కువైనా, చెరువులో నాచు ఎక్కువైనా దాని మాంసం అలా తేలుతుంది. రెండు చేపలకీ ధరలో చాలా తేడా. నేను ముక్క చూడలేదు కాబట్టి ఇది నా అనుమానమే, కానీ పరీక్ష చేయించదగ్గ అనుమానం. డీఎన్ఏ పరీక్షలో చేప జాతి తేలిపోతుంది, దానికి చిన్న ముక్క చాలు.

సంతలో చేపలామె దగ్గర కొన్నప్పుడు తల, తోక, పొలుసు మనమే చూసుకుంటాం. కొర్రమీనైతే తొట్టెలో బతికుండగానే అమ్ముతారు, అందులో మోసానికి చోటు తక్కువ. తల తీసి, తోలు ఒలిచి, ముల్లు ఏరి ప్యాకెట్‌లో పెట్టాక కొనేవాడికి మిగిలే ఆధారం ఆ కవరు మీద ముద్రించిన పేరొక్కటే. ఆ పేరు అబద్ధమైతే కొనేవాడి కళ్లకు గంతలు కట్టినట్టే. దీన్ని చిన్న విషయంగా తీసుకోవద్దని గట్టిగా చెబుతున్నాను.

చట్టం కూడా చిన్న విషయంగా తీసుకోలేదు. ఆహార భద్రత, ప్రమాణాల చట్టం 2006 ప్రకారం ఒక చేపని ఇంకో చేప పేరుతో అమ్మితే అది తప్పుడు లేబుల్ ఆహారం, సెక్షన్ 52 కింద 3 లక్షల రూపాయల దాకా జరిమానా. కొనుగోలుదారు అడిగిన రకం, నాణ్యత గల సరుకు ఇవ్వకపోతే సెక్షన్ 50 కింద 5 లక్షల దాకా. రిజిస్ట్రేషన్ మీద నడిచే చిన్న వ్యాపారికి ఈ సెక్షన్‌లో పరిమితి 25 వేలు. ఈ జరిమానాలు వేసేది కోర్టు కాదు, జాయింట్ కలెక్టర్. ఇంకొక సంగతి, ఆ డబ్బు మీకు రాదు, ప్రభుత్వానికి పోతుంది. ఆహారం తిని జబ్బుపడితే పరిహారానికి సెక్షన్ 65 ఉంది, దేవుడి దయవల్ల మీకు దాని అవసరం రాలేదు.

చేప మెత్తబడి అమోనియా ఘాటు కొడితే, పాత నూనె కంపు వస్తే కథ వేరు. మొదటిది కుళ్లుకి గుర్తు. రెండోది ఫ్రీజర్‌లో చాలాకాలం నిలవుండి కొవ్వు పాడైనందుకు గుర్తు, అప్పుడు కూడా ముక్క పసుపెక్కుతుంది. మీరు రాసింది మట్టి వాసన అని. ఇంట్లోవాళ్లని మరోసారి అడిగి, వచ్చిన వాసన ఏదో అదే రాయండి. చేప పాడవకుండా ఫార్మలిన్ అనే రసాయనం కలిపారని మాత్రం ఆధారం లేకుండా రాయకండి. ఆ పరీక్షలో లేదని తేలితే మీ మిగతా మాటకి కూడా విలువ లేకుండా పోతుంది.

పరీక్ష ఎలా? కొన్న సరుకుని ఫుడ్ అనలిస్టు (ఆహారాన్ని పరీక్షించి నివేదిక ఇచ్చే అధికారి) దగ్గర ఫీజు కట్టి పరీక్ష చేయించుకునే హక్కు సెక్షన్ 40 మీకిస్తుంది. కానీ అందులో ఒక మెలిక ఉంది. పరీక్షకి పంపుతున్నానని కొనేటప్పుడే దుకాణదారుకి చెప్పాలి. అంటే ఫ్రిజ్‌లో ఉన్న ప్యాకెట్ ఈ దారికి పనికిరాదు. అదే బ్యాచ్ ప్యాకెట్ ఇంకా దుకాణంలో ఉంటే ఒక సాక్షిని వెంటబెట్టుకుని వెళ్లి, చెప్పి, బిల్లు తీసుకుని కొనండి. సరుకు నిబంధనలకు తగ్గట్టు లేదని నివేదిక వస్తే కట్టిన ఫీజు తిరిగొస్తుంది. అంత తిరగలేకపోతే జిల్లా ఆహార భద్రత అధికారికి, మనం ఇప్పటికీ ఫుడ్ ఇన్‌స్పెక్టర్ అనే పిలుస్తాం, లిఖితపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి రసీదు తీసుకోండి. ఆయన తీసే శాంపిల్‌కి చట్టంలో విలువ ఎక్కువ.

మీ ఫ్రీజర్‌లోని ప్యాకెట్ పనికొచ్చేది వినియోగదారుల కమిషన్‌లో. వినియోగదారుల రక్షణ చట్టం 2019 సెక్షన్ 38 ప్రకారం పరీక్ష లేకుండా లోపం తేలదనుకుంటే కమిషనే మీ దగ్గర నమూనా తీసుకుని, సీలు వేసి, తగిన లేబొరేటరీకి పంపుతుంది. 45 రోజుల్లో నివేదిక రావాలి. ల్యాబ్ ఖర్చు ముందుగా మిమ్మల్ని కట్టమనవచ్చు. విజయనగరంలోనే జిల్లా కమిషన్ ఉంది. సరుకు విలువ 5 లక్షల లోపు కాబట్టి కోర్టు ఫీజు లేదు. లాయర్ లేకుండా మీరే వాదించుకోవచ్చు. గడువు రెండేళ్లున్నా, ఫ్రీజర్‌లో సరుకు అన్నాళ్లు ఉండదు కాబట్టి ఆలస్యం చేయకండి.

“విప్పిన ప్యాకెట్ తీసుకోం” అన్న మాటకి టెన్షన్ పడకండి. లోపమున్న సరుకు వెనక్కి తీసుకుని, బిల్లులో గడువు రాయనప్పుడు 30 రోజుల్లో డబ్బు ఇవ్వకపోవడం ఆ చట్టం ప్రకారం అనుచిత వ్యాపార పద్ధతి. బిల్లు ఇవ్వకపోవడమూ అంతే. కాబట్టి బిల్లు లేదన్నది మీ బలహీనత కాదు, అతని తప్పు. ఫోన్‌పే వివరాలు, బ్యాంకు స్టేట్‌మెంటు జతచేస్తే కొన్నట్టు రుజువవుతుంది.

అయితే దుకాణదారుడొక్కడి మీదే పడకండి. సీలు వేసిన ప్యాకెట్‌లో ఏముందో అతనికీ తెలియకపోవచ్చు. ముందు 15 రోజుల గడువుతో దుకాణానికీ, కవరు మీదున్న ప్యాకింగ్ కంపెనీకీ ఇద్దరికీ స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి. మీరే రాసుకోవచ్చు: ఏ రోజు, ఎంతకి, ఏ బ్యాచ్ కొన్నారు, ఏం గమనించారు, ఏం కోరుతున్నారు. నాలుగు ప్యాకెట్ల ధర, తిరిగిన ఖర్చు, ఇంట్లో పడిన ఇబ్బందికి ఓ మోస్తరు మొత్తం అడగండి. లక్షలు వేస్తే కమిషన్ ఇస్తుందన్న ఆశ పెట్టుకోవద్దు. దుకాణదారు తన సరఫరాదారు బిల్లు చూపించి సహకరిస్తే అతనితో రాజీపడి, కంపెనీ మీద కొనసాగండి. ఇద్దరూ పలక్కపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించండి. దాని నంబరు, నోటీసు కాపీ, పోస్టు రసీదులు కమిషన్‌లో వేసే ఫిర్యాదుకి జతచేయండి.